డిసెంబర్ సెలవుల్లో కచ్ రణ్‌కి వెళ్తున్నాం, పాలపుంత ఫోటోకి ఏ లెన్స్ తీసుకోవాలి?

కొత్తకెమెరా (వైట్‌ఫీల్డ్)
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. డిసెంబర్ చివరి వారం మా ఆఫీసుకి సెలవు. ఇంటిల్లిపాదీ గుజరాత్ వెళ్తున్నాం. ధోర్డో దగ్గర తెల్ల రణ్‌లో టెంట్లు బుక్ చేశాం. పౌర్ణమికి ఉప్పు నేల వెలిగిపోతుందని ప్యాకేజీ అతను చెప్తే సరిగ్గా ఆ తేదీలే పట్టుకున్నాం.

నా కోరిక ఒక్కటే. ఆ తెల్లటి ఎడారి మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వంగిన పాలపుంత, కింద చిన్నగా మా ఇంటివాళ్ళు. నా దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) బాడీ, దాంతో వచ్చిన 18-55 లెన్స్, ఒక 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ ఉన్నాయి. మన బెంగళూరు కోరమంగళలో 14 మి.మీ. ఎఫ్ 2.8 అద్దెకి దొరుకుతోంది. అది సరిపోతుందా, ట్రాకర్ (చుక్కలతోపాటు కెమెరాని తిప్పే పరికరం) కూడా తీసుకోవాలా? ఖర్చు గురించి టెన్షన్ లేదు. మా అత్తగారి ముందు పరువు పోకుండా ఉంటే చాలు.

వద్దులేరా (బీటీఎం లేఅవుట్)
పౌర్ణమి నాడు పాలపుంతా? లెన్స్ సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు టికెట్లు క్యాన్సిల్ అవుతాయేమో చూడండి.

లెక్కల మాస్టారు (బసవనగుడి)
అంత కంగారు పెట్టకండి. వెళ్ళాల్సిన చోటే అది, వెళ్ళాల్సిన నెలే కాదు.

బాబూ, ఇక్కడ రెండు అడ్డంకులు ఉన్నాయి. అందులో చంద్రుడిది చిన్నది. తేదీ పది రోజులు జరుపుకుంటే చంద్రుడిని తప్పించుకోవచ్చు. పెద్ద అడ్డంకి సూర్యుడు. మీరు ఫోటోల్లో చూసే ఆ మందపాటి, ఉబ్బెత్తు భాగం పాలపుంత నడిమి భాగం. అది ధనుస్సు, వృశ్చికం రాశుల సరిహద్దు వైపు ఉంటుంది. ధనుర్మాసం అంటే సూర్యుడు ధనూరాశిలో ఉండే నెల అని మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. డిసెంబర్ మూడో వారంలో సూర్యుడు సరిగ్గా పాలపుంత కేంద్రం దిక్కునే నిలబడతాడు. అంటే ఆ భాగం సూర్యుడితోపాటే ఉదయించి, సూర్యుడితోపాటే అస్తమిస్తుంది. రాత్రంతా మీ కాళ్ళ కింద, భూమికి అవతలి వైపు ఉంటుంది. ఏ లెన్స్ పెట్టినా, ఎంత చీకటి ఉన్నా, అది దొరకదు.

డిసెంబర్ రాత్రి కనిపించేది పాలపుంతలో రెండో వైపు. మనం కేంద్రం నుంచి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాం. చలికాలం రాత్రుల్లో మన చూపు కేంద్రానికి వీపు పెట్టి బయటి అంచు వైపు వెళ్తుంది. అటు నక్షత్రాలు పలచన. మృగశిర, ఆర్ద్ర పక్క నుంచి సన్నటి పొగ చారలాగా పైకి వెళ్తుంది. మంచి చీకట్లో అదీ అందంగానే ఉంటుంది గానీ పౌర్ణమి నాడు అసలు కనపడదు.

కొత్తకెమెరా
మాస్టారూ, మరి ప్యాకేజీ బ్రోచర్ మీద టెంట్ల వెనకాల నిలువుగా, ఊదా రంగులో వెలిగిపోతూ పాలపుంత ఉందే? కింద ‘డిసెంబర్ స్పెషల్’ అని కూడా రాశారు.

ఎడిటింగ్ అక్క (ఇందిరానగర్)
దాని పేరు అతుకు తమ్ముడూ. ఏదో జూన్ ఆకాశం తెచ్చి డిసెంబర్ టెంట్ల మీద అంటించారు. ఈసారి బ్రోచర్ చూసినప్పుడు ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రం, దాని కింద కొక్కెంలా వంగిన వృశ్చికం తోక ఉన్నాయేమో చూడు. ఆ తోక చివర్లోనే మూల. అవి కనిపించాయంటే ఆ ఆకాశం డిసెంబర్ రాత్రిది కాదు. ఇంకో గుర్తు: టెంట్ల నీడలు నేల మీద పదునుగా పడి ఉంటే ఆ రాత్రి చంద్రుడు పైన ఉన్నట్టే. చంద్రుడు ఉన్న ఆకాశంలో అంత వెలిగే పాలపుంత ఉండదు.

హోస్కోట బిర్యానీ (కాడుగోడి)
అక్కా, నువ్వు ఇలా చెప్పేస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో సగం మంది పేజీలు మూసుకోవాలి.

మారతహళ్ళి మిడ్‌నైట్
నేను కొంచెం అడ్డు చెప్తాను. అతుకు అన్నంత మాత్రాన తప్పు కాదు. నేల ఫోటో సంధ్యవేళ తీసి, అదే ట్రైపాడ్ కదల్చకుండా, చీకటి పడ్డాక అక్కడి ఆకాశం తీసి కలుపుతాం. ఇదీ రెండు ఫోటోల అతుకే. ట్రాకర్ వాడితే తప్పదు కూడా. ట్రాకర్ చుక్కలతోపాటు కెమెరాని తిప్పుతుంది కాబట్టి నేల చెదిరిపోతుంది. నేలకి విడిగా ఒకటి తీయాల్సిందే. దాన్ని మోసం అంటే ఎలా?

ఎడిటింగ్ అక్క
దాన్ని నేనేం అనలేదే. అదే చోటు, అదే రాత్రి, అదే దిక్కు అయితే నాకు అభ్యంతరం లేదు, కింద ఒక ముక్క రాస్తే ఇంకా మంచిది. అక్కడ డిసెంబర్ రాత్రి కనిపించని ఆకాశాన్ని టెంట్ల మీద పెట్టి, డబ్బులు తీసుకుని జనాన్ని పిలవడం వేరు. ఈ తమ్ముడు నెల చూసుకోకుండా బుక్ చేసుకుంది ఆ బొమ్మని నమ్మేగా.

వద్దులేరా
నేనైతే ఒక్క క్లిక్కులో వచ్చిందే ఫోటో అంటాను. మిగతాదంతా పెయింటింగ్.

మారతహళ్ళి మిడ్‌నైట్
ఒక్క క్లిక్కులో వచ్చిన 20 సెకన్ల ఫోటో మాత్రం కంటికి కనిపించినట్టు ఉంటుందా అన్నా? చీకట్లో మన కంటికి రంగు తెలియదు. రంగు పోల్చే కణాలు ఆ కాస్త వెలుతురుకి పని చేయవు, మిగతావి నలుపు తెలుపే చూస్తాయి. కాబట్టి పాలపుంత కంటికి ఎప్పుడూ బూడిద రంగు మబ్బే. కొత్తవాళ్ళని తీసుకెళ్తే మొదటి పావుగంటలో వచ్చే ప్రశ్న, ‘ఇదేనా?’ అని. ఓ అరగంట ఫోన్ తీయకుండా కూర్చోబెడితే కళ్ళు చీకటికి అలవాటు పడి అప్పుడు ‘అబ్బో’ అంటారు. అందుకే ఎర్ర టార్చ్ వాడమంటాం. తెల్ల టార్చ్ ఒక్కసారి కొట్టారంటే ఆ అరగంటా మళ్ళీ మొదటికొస్తుంది.

లెక్కల మాస్టారు
ఈ గొడవ ఇక్కడితో ఆపి ఆ అబ్బాయికి పనికొచ్చేది చెప్పండి. టికెట్లు ఉన్నాయి, అత్తగారు వస్తున్నారు, పౌర్ణమి. ఏం తీయొచ్చు?

నా మాట: పౌర్ణమిని తిట్టుకోకండి. ఉప్పు నేల వెన్నెలని తిప్పి కొడుతుంది కాబట్టి మనుషుల ముఖాలు కూడా కింద నుంచి వెలుగుతాయి. ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) 800, ఎఫ్ 2.8, పది సెకన్ల లోపే నేలంతా పగటిలా వస్తుంది, ఆకాశం ముదురు నీలం రంగులో ఉంటుంది. పెద్ద చుక్కలన్నీ నిలబడతాయి. తూర్పున ఓరియన్ అనే వేటగాడు, దాని కింద సిరియస్, పైన రోహిణి, ఆ పైన పిల్లలకోడి. 50 ఎఫ్ 1.8 తోనే ఇవి బాగా వస్తాయి. పాలపుంత ఫోటోకి మనుషుల్ని అరనిమిషం బొమ్మల్లా నిలబెట్టాలి. ఇక్కడ ఐదు సెకన్లు చాలు. అత్తగారు కూడా ఐదు సెకన్లు కదలకుండా నిలబడగలరు.

ఇంకోటి, ఉత్తరానికి తిరిగి చుక్కల గీతలు తీయండి. ధ్రువనక్షత్రం ఏ ఊళ్ళో ఎంత ఎత్తులో ఉంటుందో ఆ ఊరి అక్షాంశమే చెప్తుంది. బెంగళూరులో 13 డిగ్రీలు, అపార్ట్‌మెంట్ల వెనక దాక్కుంటుంది. రణ్‌లో దాదాపు 24. అడ్డంగా కొండ లేదు, చెట్టు లేదు. 30 సెకన్ల ఫోటోలు ఆపకుండా గంటా రెండు గంటలు తీసి కలిపితే చుట్లు చుట్లుగా వస్తాయి. వెన్నెల ఉన్నా పరవాలేదు, నిజానికి నేల కోసం వెన్నెల ఉండటమే మేలు.

కొత్తకెమెరా
మాస్టారూ, ఊపిరి పీల్చుకున్నాను. పోనీ తేదీలు ఒక వారం పది రోజులు ముందుకి జరిపితే?

లెక్కల మాస్టారు
జరపగలిగితే డిసెంబర్ 13, 14 రాత్రులు చూడండి. మిథునరాశి ఉల్కలు, జెమినిడ్స్ అంటారు, అప్పుడే ఎక్కువగా రాలతాయి. చంద్రుడు ఏ ఏడు ఎలా ఉంటాడో పంచాంగంలో చూసుకోండి. పంచమి, షష్ఠి చంద్రుడైతే పొద్దుపోగానే కాస్త నేలని వెలిగించి తన దారిన తాను వెళ్ళిపోతాడు. చాలామంది అర్ధచంద్రుడికి పౌర్ణమిలో సగం వెలుగు అనుకుంటారు. కాదు, పదో వంతు దగ్గర ఉంటుంది. చంద్రుడి మీది గుంతల నీడలు మింగేస్తాయి. అందుకే సన్నటి చంద్రుడు ఫోటోకి స్నేహితుడే.

లేహ్ రిటర్న్ (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)
ఎడారి అంటే ఇసుక, ఉప్పు మాత్రమే కాదు కదా. లద్దాఖ్ చలి ఎడారి మాటేంటి? అక్కడి హాన్లే ఊరు చూసినవాళ్ళకి ఇంకో చోటు నచ్చదు. 2022 డిసెంబర్‌లో అక్కడ 1,073 చదరపు కిలోమీటర్లు చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చాంగ్‌థాంగ్ అభయారణ్యంలో ఉంది. ఊళ్ళో వీధి దీపాలు కిందకి వంచి ఉంటాయి, కిటికీలకి మందపాటి తెరలు, రాత్రిపూట కార్లకి హై బీమ్ వేయొద్దంటారు. ఊరివాళ్ళకే టెలిస్కోపులు ఇచ్చి శిక్షణ ఇచ్చారు, వాళ్ళనే ఆస్ట్రో అంబాసిడర్లు అంటారు. వాళ్ళ ఇళ్ళలోనే దిగొచ్చు. శనిగ్రహం చుట్టూ వలయాలు చూపించి, ఆ తర్వాత వేడి తుక్పా (నూడుల్స్ సూప్) పెడతారు.

కొండ మీద వేధశాల ఉంది, 4,500 మీటర్ల ఎత్తు. దాన్ని నడిపేది మన కోరమంగళలోని భారత ఖగోళ భౌతిక సంస్థ.

హోస్కోట బిర్యానీ
ఇక్కడ నా వంతు! ఆ కొండ మీదున్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ని ఎక్కడ నుంచి తిప్పుతారో తెలుసా? మా హోస్కోట నుంచి. శాటిలైట్ లింకు మీద. తెల్లవారుజామున నాలుగింటికి బిర్యానీ కోసం లైన్లో నిలబడేవాళ్ళలో ఎవరికీ తెలియదు, కాస్త దూరంలో ఒకాయన కూర్చుని లద్దాఖ్ ఆకాశం చూస్తున్నాడని. నేను ఈ మాట చెప్తే ఆఫీసులో ఎవరూ నమ్మరు.

వద్దులేరా
బిర్యానీ లేని పోస్టు నువ్వు రాయలేవా?

లేహ్ రిటర్న్
నిజమే అతను చెప్పింది. 2000 సెప్టెంబర్‌లో ఆ టెలిస్కోప్ మొదటి వెలుగు చూసింది. పక్కనే 2024 అక్టోబర్‌లో మేస్ అని గామా కిరణాల టెలిస్కోప్ కూడా ప్రారంభించారు, అద్దాల గిన్నె 21 మీటర్ల వెడల్పు. 2024 మే నెలలో సౌర తుఫాను వచ్చినప్పుడు హాన్లే ఆకాశం ఎర్రగా మారిన ఫోటోలు గుర్తున్నాయా? అరోరా (మామూలుగా ధ్రువాల దగ్గర కనిపించే రంగు వెలుగు) మన దేశంలో కెమెరాకి చిక్కింది అక్కడే.

అయితే కొత్తవాళ్ళకి రెండు హెచ్చరికలు. ఒకటి, గాలి. హాన్లే ఊరే దాదాపు 4,300 మీటర్ల మీద ఉంటుంది, సముద్రమట్టంతో పోలిస్తే ఆక్సిజన్ 60 శాతం దగ్గర. విమానం దిగి నేరుగా వెళ్తానంటే తలనొప్పి, వాంతులతో మొదలై ప్రాణం మీదకి వస్తుంది. లేహ్‌లో కనీసం రెండు రోజులు ఊరికే పడుకోవాలి. మా గుంపులో ఒకతను జిమ్‌కి రోజూ వెళ్తాను, నాకేం కాదన్నాడు. జిమ్‌కీ దానికీ సంబంధం లేదు. రెండు, సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతి కాగితాలు ముందే చూసుకోవాలి.

చలికి బ్యాటరీ సగం కూడా పని చేయదు. ఒకటి కెమెరాలో, మిగతావి చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. తెల్లారి గదిలోకి వచ్చేటప్పుడు కెమెరాని బయటే జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, అప్పుడు లోపలికి తెండి. లేకపోతే వెచ్చటి గాలిలోని తేమ లెన్స్ లోపల చెమర్చి కూర్చుంటుంది.

లెక్కల మాస్టారు
హాన్లే చీకటికి పేరు పెట్టలేం. కానీ ఒక సంగతి ఎవరూ చెప్పరు. ఉత్తరానికి పోయేకొద్దీ పాలపుంత కేంద్రం కిందకి దిగిపోతుంది. హాన్లేలో అది అన్నిటికంటే పైకి వచ్చే వేళ కూడా 28 డిగ్రీల ఎత్తే. కచ్‌లో 37. బెంగళూరు అక్షాంశంలో 48! అదృష్టం మన దక్షిణాదిది, దీపాలు మాత్రం మనమే పెట్టుకున్నాం.

ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు వేధశాలకి తమిళనాడులోని కావలూరుని ఎంచుకున్నదీ దక్షిణపు ఆకాశం బాగా అందుతుందనే. హైదరాబాద్ నిజామియా వేధశాలలో తండ్రి పని చేస్తుంటే అక్కడే ఆకాశంతో పరిచయం అయింది ఆయనకి, నిజాం కాలేజీలో చదివారు. జవ్వాది కొండల్లో ఆయన మొదలుపెట్టిన చోటే ఇవాళ 2.34 మీటర్ల టెలిస్కోప్ ఉంది, 1986లో ఆయన పేరే పెట్టారు. ఆయన అది చూడకుండానే 1982లో పోయారు. మన దగ్గరి ఆకాశాన్ని మనం చిన్నచూపు చూడనక్కర్లేదని చెప్పడానికే ఇదంతా.

రాయదుర్గం రైడర్ (ఎలక్ట్రానిక్ సిటీ)
మాస్టారూ, మీ నోట ఈ మాట కోసమే చూస్తున్నా. తమ్ముడికి ఎడారే కావాలంటే కచ్ దాకా ఎందుకు, మా అనంతపురం జిల్లాలో ఉంది. వేదవతి, మేము హగరి అంటాం, దాని ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలు చూశారా? అచ్చం రాజస్థానే. అలలు అలలుగా గాలి గీసిన గీతలు, మధ్యలో ఒంటి ఈత చెట్టు. బెంగళూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి రాయదుర్గంలో ఉంటారు. బొమ్మ ఎటు తిరిగి తీయాలంటారా, పాలపుంత కేంద్రం వచ్చేది దక్షిణం వైపు. బళ్ళారి వెలుగు ఉత్తరాన, మీ వీపు వెనక. దక్షిణాన రాయదుర్గం ఉంది గానీ చిన్న ఊరు. గాలిమరల ఎర్ర లైట్లు మాత్రం అక్కడక్కడా మిణుకుమంటాయి, వాటిని ఫ్రేములోంచి తప్పించుకోవాలి.

వద్దులేరా
జైసల్మేర్ వెళ్ళినా గాలిమరల ఎర్ర లైట్లు తప్పవు. సామ్ దిబ్బల దగ్గర అయితే క్యాంపుల డీజే, రంగు లైట్లు అదనం. ఖూరీ వైపు కొంత నయం.

పల్లెటూరి పిల్ల (కెంగేరి)
ఒక మాట చెప్పనా, ఎవరూ ఏమీ అనుకోకండి. నాది బొమ్మనహాళ్ దగ్గరే. ఆ దిబ్బలు మీకు ఫోటో, మాకు పంట పోయిన చేను. ఏటి ఇసుక గాలికి లేచి ఏటేటా పొలాల మీద పరుచుకుంటుంది. ఆషాఢం గాలికి వాకిట్లో కూర్చుని అన్నం తింటే పళ్ళ కింద కరకరే. ఇసుక ఆపాలని చెట్లు పెంచారు, కొన్ని బతికాయి, కొన్ని లేదు. రావద్దని కాదు. వచ్చినప్పుడు ఆ మొక్కల మీద జీపు తోలొద్దు, డ్రిఫ్టింగ్ వీడియోలు తీయొద్దు. అంతే.

రాయదుర్గం రైడర్
అమ్మా, వంద శాతం నీ మాటే. నేను ఎవరిని తీసుకెళ్ళినా బండి తారు రోడ్డు మీదే ఆపిస్తాను.

కొత్తకెమెరా
అమ్మాయి చెప్పింది గుర్తు పెట్టుకుంటాను. అక్కడికి ఏ నెలలో వెళ్ళాలి?

లెక్కల మాస్టారు
ఉగాదికి. తమాషాగా చెప్పట్లేదు. ఉగాది ఎప్పుడూ అమావాస్య వెళ్ళిన పాడ్యమి, అంటే చీకటి రాత్రులు గ్యారంటీ. సెలవు కూడా కలిసొస్తుంది. ఆ రోజుల్లో పాలపుంత కేంద్రం అర్ధరాత్రి దాటాక ఆగ్నేయంలో తల ఎత్తుతుంది. మూడింటి నుంచి ఐదు దాకా మీదే రాజ్యం. ఆ తర్వాత తెల్లదనం మొదలవుతుంది. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కింద ఉండగానే ఆకాశం కడుక్కుపోవడం మొదలవుతుంది కాబట్టి ‘సూర్యోదయం ఆరు దాటాక కదా’ అని నిద్రపోకండి.

మీరు అడిగిన విల్లు లాంటి వంపు కూడా ఆ నెలల్లోనే. మార్చి, ఏప్రిల్‌లో రాత్రి రెండు ప్రాంతంలో పాలపుంత తూర్పున అడ్డంగా, దిగువగా పడుకుని ఉంటుంది. కెమెరాని నిలువుగా పెట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కో ఫోటోకి మూడో వంతు మీద మూడో వంతు పడేలా తిప్పుతూ తీసి, కంప్యూటర్లో కుట్టాలి. జూన్, జూలైకి వచ్చేసరికి అది నెత్తి మీద నిలువుగా ఉంటుంది, వంపు కుట్టడం కష్టం. పైగా మనకి మబ్బులు.

మారతహళ్ళి మిడ్‌నైట్
ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం, లెన్స్. 14 మి.మీ. ఎఫ్ 2.8 చాలు తమ్ముడూ. ఎంతసేపు తెరవాలన్నదే తకరారు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, ఎక్కువసేపు తెరిస్తే చుక్క గీత అవుతుంది. పాత లెక్క 500ని లెన్స్ మి.మీ.తో భాగించమంటుంది. క్రాప్ సెన్సర్‌కి ముందు ఆ మి.మీ.ని ఒకటిన్నరతో గుణించాలి, నీకు దాదాపు 24 సెకన్లు వస్తుంది. ఈ కాలం 24 మెగాపిక్సెల్ సెన్సర్‌కి అది ఎక్కువ. పిక్సెళ్ళు చిన్నవి కాబట్టి పెద్దది చేసి చూస్తే చుక్కలు బియ్యపు గింజల్లా సాగి ఉంటాయి. నేనైతే 15 దాటను.

వెలుగు తగ్గింది కదా అంటావు. ఐఎస్ఓ 3200 లేదా 6400 పెట్టి, ట్రైపాడ్ కదల్చకుండా 16 ఫోటోలు వరసగా తీయి. సీక్వేటర్ అని విండోస్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆకాశం విడిగా, నేల విడిగా పేరుస్తుంది. ఎన్ని ఫోటోలు పేరిస్తే దాని వర్గమూలం అంత నాయిస్ (ఫోటోలో గరుకుగా కనిపించే రవ్వలు) తగ్గుతుంది. 16 పేరిస్తే నాలుగో వంతుకి దిగుతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాల గీతలు, విమానాలు కూడా ఒక్కో ఫోటోలో ఒక్కో చోట ఉంటాయి కాబట్టి పేర్చినప్పుడు చాలావరకు పోతాయి. ట్రాకర్ ఈ దఫాకి వద్దు.

వద్దులేరా
ట్రాకర్ వద్దన్నది మాత్రం ఒప్పుకుంటా. దక్షిణాదిలో ధ్రువనక్షత్రం అంత కింద, దుమ్ములో ఉంటే దాన్ని పట్టుకుని గురి కుదర్చడానికే సగం రాత్రి పోతుంది. పైగా ధ్రువనక్షత్రం అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైనే పక్కకి ఉంటుంది, అది కూడా లెక్క చూసుకోవాలి.

ఎడిటింగ్ అక్క
ఫోకస్ గురించి ఎవరూ చెప్పలేదేం? లెన్స్ మీద పడుకున్న ఎనిమిది గుర్తుని (అనంత దూరం గుర్తు) నమ్మొద్దు. ఆటో ఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కని పది రెట్లు పెంచి, అది సూదిమొన అంత చిన్నదయ్యేదాకా రింగు తిప్పు. ఉగాది వేళకి అభిజిత్ ఈశాన్యంలో ఉంటుంది, దాని మీద చేసుకో. తర్వాత రింగు మీద టేపు వెయ్యి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ కాస్త జరుగుతుంది, గంటకోసారి చూసుకో. రా ఫార్మాట్‌లోనే (కెమెరా మార్చని ముడి ఫైలు) తీయి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000 దగ్గర పెట్టు, ఇంటికొచ్చాక ఎలాగూ మార్చుకోవచ్చు. ఆ ఊదా రంగు స్లయిడర్ జోలికి మాత్రం పోవద్దు, బ్రోచర్ వాళ్ళకి వదిలెయ్. ఆకాశంలో ఆకుపచ్చ చారలు కనిపిస్తే అది కెమెరా తప్పు కాదు, వంద కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ తనంతట తాను వెలిగే వెలుగు. దాన్ని తుడిచేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

లేహ్ రిటర్న్
డిసెంబర్ రణ్‌కి ఇంకో జాగ్రత్త. ఉప్పు. పైన గట్టిగా ఉన్నా కింద తడి బురద ఉంటుంది, ట్రైపాడ్ కాళ్ళు నెమ్మదిగా దిగబడతాయి. కాళ్ళ కింద చిన్న చెక్క ముక్కలు పెట్టండి. బ్యాగు నేల మీద దించొద్దు. వచ్చాక కాళ్ళని మంచినీళ్ళతో కడిగి తుడవకపోతే బిగుసుకుపోతాయి. సరిహద్దు దగ్గర కాబట్టి పర్మిట్ తప్పనిసరి, రాత్రి ఎంతసేపు ఉండనిస్తారో అక్కడే అడగండి. ధోలావీర దాకా వెళ్ళగలిగితే వెళ్ళండి. హరప్పా కాలం నాటి ఊరు, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. ఆ దారికి రెండు వైపులా ఉప్పే, జనం తక్కువ.

కచ్ అయినా కణేకల్లు అయినా బూట్లు వేసుకోండి. పొడ పాములు ఇసుకలో, రాళ్ళ సందుల్లో ఉంటాయి, రాత్రే తిరుగుతాయి.

కొత్తకెమెరా
పాము మాట మా ఇంట్లో చూపించను.

సరే, నా ప్లాన్ ఇది. డిసెంబర్‌లో 50 ఎఫ్ 1.8, కిట్ లెన్స్‌తోనే వెళ్తాను, వెన్నెల, చుక్కల గీతలు. అద్దె లెన్స్ డబ్బులు మిగిలాయి. ఉగాదికి 14 అద్దెకి తీసుకుని కణేకల్లు. ఉగాది పచ్చడి పొద్దున ఇంట్లో తినకపోతే మా అత్తగారు ఊరుకోరు కాబట్టి పండగ రాత్రే బయల్దేరతాను. రైడర్ అన్నా, మీరు వస్తారా? టెంట్ ఎక్కడైనా వేసుకోవచ్చా?

రాయదుర్గం రైడర్
వస్తా. టెంట్ ఎక్కడంటే అక్కడ కుదరదు, దిబ్బలకి ఆనుకుని చేలు ఉన్నాయి, ముందు అడగాలి. నాకు తెలిసిన రైతు ఒకాయన ఉన్నాడు, మాట్లాడి పెడతా. పండగ రాత్రి బయల్దేరితే మూడింటికి ముందు చేరడం కష్టం, అమావాస్య నాడే వెళ్ళి తెల్లారి రాయదుర్గంలో మా ఇంట్లో పచ్చడి తిందాం. మీ అత్తగారితో మా అమ్మ మాట్లాడుతుంది.

హోస్కోట బిర్యానీ
కారులో ఇంకో సీటు ఉందా?

పల్లెటూరి పిల్ల
నేనూ పండక్కి ఊళ్ళోనే ఉంటా. రైడర్ అన్నా, బొమ్మనహాళ్ దాటాక ఏటి వంతెన దగ్గర కొత్తగా హై మాస్ట్ లైటు పెట్టారు, దాని పక్క దిబ్బల దగ్గరికి పోవద్దు, ఇంకా కిందకి రండి. లొకేషన్ పర్సనల్ మెసేజ్‌లో పెడతా, ఇక్కడ వద్దు.